కరెంటు పోతే కంట్లో నల్లబొట్టు ఎందుకు పెద్దదవుతుంది?

అంబాజీపేట దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: "మా పాపకు ఏడేళ్లు. మొన్న రాత్రి కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు నా మొహంలో మొహం పెట్టి చూస్తూ, 'అమ్మా, నీ కంట్లో నల్లబొట్టు చిన్నదైపోయిందే' అంది. అప్పట్నుంచి ఒకటే ప్రశ్నలు. ఆ బొట్టును ఎవరు చిన్నది చేస్తారు, దానికి నల్లరంగు ఎవరు వేశారు అని. తనకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? ఇంకో సంగతి. అలా చూస్తుంటే పాప ఎడమ కంటి బొట్టు కుడిదానికంటే కాస్త పెద్దగా ఉన్నట్టు అనిపిస్తోంది. టెన్షన్‌గా ఉంది."

ముందు ఆ టెన్షన్ సంగతి చూద్దామమ్మా. పాప పాత ఫొటోలు తీయండి, పుట్టినరోజువీ బడిలో తీసినవీ. వాటిలో కూడా ఎడమది కాస్త పెద్దగానే ఉండి, వెలుతురులో రెండూ చక్కగా చిన్నవవుతుంటే చాలామటుకు భయపడాల్సింది ఉండదు. ఏ జబ్బూ లేకపోయినా ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి ఆ కొద్దిపాటి తేడా ఉంటుంది. అయినా వీలు చూసుకుని ఒకసారి కంటి డాక్టరుకు చూపించండి, మీ మనసు కుదుటపడుతుంది. ఆగకూడని సందర్భాలు వేరే ఉన్నాయి. తలకు దెబ్బ తగిలాక తేడా వచ్చినా, దాంతోపాటు వాంతులు, మత్తు, పైరెప్ప వాలిపోవడం ఉన్నా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. అలాగే ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో ఒక కంటి బొట్టు తెల్లగా మెరుస్తున్నట్టు వస్తే కెమెరా లోపమేలే అనుకోవద్దు. శుక్లం కావచ్చు, కంటి లోపల గడ్డ కావచ్చు. ఆలస్యం చేయకుండా చూపించాలి.

ఇక పాప ప్రశ్నలు. నేను డాక్టర్ని కాదు. ముప్పై ఏళ్లకు పైగా కోనసీమ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కంటి పరీక్షలు చేసిన ఉద్యోగిని. బడులకు వెళ్లి, గోడకు అక్షరాల చార్టు తగిలించి, టార్చిలైటుతో పిల్లల కళ్లు చూడటమే నా పని. పిల్లలు మాత్రం 'కళ్ల డాక్టరు గారండీ' అనే పిలిచేవారు. మీ పాప అడిగిన ప్రశ్న నన్ను అడగని బడి లేదు. మొదట్లో నేను పుస్తకంలోని బొమ్మ చూపించి ఐరిస్, కార్నియా, రెటీనా అని పేర్లు చెప్పేవాణ్ని. పిల్లలు బుద్ధిగా తలూపేవారు. తర్వాత అడిగితే ఒక్కరికీ ఏమీ తెలిసేది కాదు. కొన్నేళ్లకు నాకు తట్టింది, వాళ్లకు అడ్డుపడుతున్నవి పేర్లు కావని. ఆ నల్లబొట్టును వాళ్లు ఒక వస్తువు అనుకుంటున్నారు. కాటుక బొట్టులా ఏదో అంటించి ఉందనుకుంటున్నారు. అది వస్తువు కాదు, కన్నం. అక్కడ ఉన్నది ఖాళీ. ఈ ఒక్కటి ఎక్కితే మిగతాదంతా వాళ్లే అల్లుకుంటారు.

కన్నమైతే నల్లగా ఎందుకుంది? మిట్టమధ్యాహ్నం పాపను వీధి అరుగు మీదకు తీసుకెళ్లి ఎదురింటి కిటికీ చూడమనండి. పెంకుటిల్లయితే మరీ మంచిది. ఎండలో గోడ తెల్లగా మెరుస్తుంటుంది, కిటికీ మాత్రం నల్లగా ఉంటుంది. 'ఆ కిటికీలో నల్లరంగు ఎవరు వేశారే?' అని అడగండి. నవ్వుతుంది. ఆ ఇంట్లోకి వెళ్తే మంచం, బీరువా, గోడ మీద దేవుడి పటాలు అన్నీ కనపడతాయని తనకు తెలుసు. బయటి వెలుతురు కిటికీలోంచి లోపలికి పోతుంది కానీ, మన కంటికి తిరిగొచ్చేది చాలా తక్కువ. అందుకే నలుపు. కన్నూ అలాంటి గదే, ఒకే ఒక్క కిటికీ ఉన్న గది. పైగా ఆ గది వెనక గోడకు వెలుతురును పీల్చుకునే ముదురు రంగు పొర ఉంటుంది. ఆ గోడ మీది తెర పేరే రెటీనా. ఫ్లాష్ వేసి ఫొటో తీస్తే ఒక్కోసారి కళ్లు ఎర్రగా పడతాయి చూడండి, అప్పుడు మనకు కనపడేది ఆ వెనక గోడే. అక్కడ రక్తనాళాలు నిండా ఉంటాయి కాబట్టి ఎరుపు.

ఇక్కడ ఎవరో ఒక పిల్లాడు తప్పకుండా అడుగుతాడు, 'కన్నమైతే పురుగు దూరిపోదాండీ?' అని. దూరదు. కిటికీకి అద్దం బిగించినట్టు కంటికి ముందు కార్నియా అనే గాజులాంటి పొర ఉంటుంది. అది మనకు కనపడదు, వెలుతురును మాత్రం ఆపదు. నలకలూ పురుగులూ దాని బయటే ఆగిపోతాయి.

కన్నం చుట్టూ ఉన్న గోధుమరంగు పట్టీ పేరు ఐరిస్. మనవాళ్లు దీన్నీ మధ్యలోని కన్నాన్నీ కలిపి నల్లగుడ్డు అనేస్తారు. మన కళ్లలో ఐరిస్ కూడా ముదురు రంగే కావడంతో ఎదురుగా చూస్తే రెండూ కలిసిపోయి కనపడతాయి. అందుకే ఒక చిన్న చిట్కా. పాపను గుమ్మంలో పక్కకు తిప్పి నిలబెట్టండి. వెలుతురు ఎదురుగా కాకుండా చెంప వైపు నుంచి పడాలి. అప్పుడు గోధుమరంగు వేరుగా, నలుపు వేరుగా తెలుస్తాయి. సెల్‌ఫోన్ లైటు కళ్లలోకి కొట్టొద్దు. పిల్లలు కళ్లు మూసేసుకుంటారు, మీకు కనపడేది కూడా ఏమీ ఉండదు.

ఎవరు చిన్నది చేస్తారంటే, ఐరిస్‌లో ఉన్న రెండు కండరాలు. ఒకటి కన్నం అంచు చుట్టూ తిరిగి ఉంటుంది, సంచి మూతికి దూర్చిన తాడులాగా. దాన్ని లాగితే మూతి ముడుచుకుంటుంది. రెండోది బండి చక్రానికి ఆకుల్లా, మధ్య నుంచి అంచులకు సాగి ఉంటుంది. అది బిగిస్తే కన్నం విప్పారుతుంది. వెలుతురు ఎక్కువైతే తాడు పని చేస్తుంది, చీకటి పడితే ఆకులు పని చేస్తాయి. మంచి వెలుతురులో కన్నం అడ్డం 2 నుంచి 4 మిల్లీమీటర్లు. చీకట్లో పిల్లలకూ కుర్రవాళ్లకూ 8 దాకా పోతుంది. వయసు మీద పడితే అంత విప్పారదు. తాతగారు సందెవేళ గుమ్మం తడుముకోవడానికి అదీ ఒక కారణం.

ఈ మిల్లీమీటర్ల లెక్కలో ఒక తమాషా ఉంది. 2 నుంచి 8 అంటే నాలుగు రెట్లే కదా అనిపిస్తుంది. కానీ లోపలికి పోయే వెలుతురు పెరిగేది పదహారు రెట్లు. పాపకు అప్పడాలతో చెప్పండి. 2 అంగుళాల అప్పడానికి పట్టే పిండికి నాలుగు రెట్లు తీసుకుని, అదే మందంలో 8 అంగుళాల అప్పడం ఒత్తగలరేమో చూడమనండి. 4 అంగుళాల దగ్గరే ఆగిపోతుంది. పదహారు రెట్ల పిండి కావాలి.

మన డెల్టా పిల్లలకు నేను చెప్పే ఇంకో పోలిక బోదె తూము, అంటే చేలోకి నీళ్లు వదిలే పిల్లకాలవ తలుపు. కాలవలో నీళ్లు ఉధృతంగా వస్తుంటే చేను మునగకుండా తూము దించుతాం, నీళ్లు సన్నగా వస్తుంటే పూర్తిగా ఎత్తుతాం. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులు చూసిన పిల్లలకైతే మాట పూర్తికాకముందే అర్థమవుతుంది. ధవళేశ్వరం బ్యారేజీతో మాత్రం పోల్చకండి. నేను ఒకసారి పోల్చి భంగపడ్డాను. ముమ్మిడివరం వైపు ఒక బడిలో ఐదో తరగతి కుర్రాడు లేచి, 'వరదొస్తే అక్కడ 175 గేట్లూ ఎత్తేస్తారు కదండీ, కన్నేమో మూస్తుందన్నారు' అన్నాడు. వాడన్నదే నిజం. బ్యారేజీ వరదను సముద్రానికి వదిలేస్తుంది. తూమైతే తన వెనకున్న చేనును కాపాడుతుంది. కన్ను తూము జాతి.

తూము దగ్గర దాన్ని ఎత్తడానికీ దించడానికీ లష్కరు ఉంటాడు. కంటి దగ్గర ఎవరుంటారు? మనం కాదు. చెయ్యి ఎత్తమంటే ఎత్తగలం కానీ, కంటిపాపను, అంటే ఈ కన్నాన్ని, పెద్దది చెయ్యమంటే ఎవరూ చెయ్యలేరు. ఇది మన ఇష్టంతో పనిలేకుండా జరిగే చర్య అని స్కాట్లాండ్ వైద్యుడు రాబర్ట్ వైట్ 1751లోనే రాశాడు. వెలుతురు రెటీనా మీద పడగానే నరం గుండా మెదడు కింది భాగానికి కబురు పోతుంది, అక్కడి నుంచి తాడు కండరానికి ఆజ్ఞ వస్తుంది. ఇదంతా రెప్పపాటులో మొదలైపోతుంది. మూసుకోవడం చురుగ్గా ఉంటుంది, తెరుచుకోవడం నిదానం. అందుకే కరెంటు వచ్చినప్పుడు మీ పాపకు మార్పు కంటికి ఆనింది. పోయినప్పుడైతే చీకట్లో చూడటానికే లేదు.

ఇంట్లోనే చూసే పద్ధతి చెబుతాను. పాప అద్దం ముందు నిలబడి రెండు కళ్లూ అరచేతులతో మూసుకుని ఇరవై లెక్కపెట్టాలి. చటుక్కున చేతులు తీసి అద్దంలో చూసుకుంటే, బొట్టు పెద్దగా ఉండి గబుక్కున ముడుచుకోవడం కనపడుతుంది. తర్వాత అసలు వింత చూపించండి. ఒక కన్ను మాత్రమే అరచేత్తో మూసుకోమనండి. తెరిచి ఉన్న కంటిని మీరు చూస్తూ ఉండండి. మూసింది ఈ కన్ను కాకపోయినా దీనిలోని బొట్టు కూడా కాస్త పెద్దదవుతుంది, చెయ్యి తీయగానే చిన్నదవుతుంది. ఏ కంటి నుంచి కబురు వెళ్లినా మెదడు ఆజ్ఞ ఇచ్చేది రెండింటికీ. రెండు తూములకూ లష్కరు ఒక్కడే.

ఈ ఒక్క సంగతి నాకు ఉద్యోగంలో ఎన్నిసార్లు అక్కరకొచ్చిందో. ఒకటి చెప్పాలి. వినాయకచవితి మర్నాడు, కాలవగట్టు పక్కనున్న ఒక బడి నుంచి హడావిడిగా కబురొచ్చింది. వెళ్లేసరికి ఏడేళ్ల కుర్రాడు బల్ల మీద కూర్చుని కాళ్లూపుకుంటున్నాడు. వాళ్లమ్మ పక్కన నిలబడి ఏడుస్తోంది. కుడి కంటిపాప మామూలుగా ఉంది. ఎడమది మాత్రం గోధుమరంగు పట్టీ సన్నని గాజుగీతలా మిగిలేంతగా విప్పారిపోయి ఉంది. టార్చి వేశాను. కుడిది టక్కున ముడుచుకుంది, ఎడమది కదల్లేదు. ఈసారి టార్చి ఎడమ కంట్లోకే వేసి, చూపు కుడి కంటి మీద పెట్టాను. కుడిది చక్కగా ముడుచుకుంది. నాకు సగం భారం దిగింది. ఎడమ కన్ను వెలుతురును చూస్తోంది, కబురు మెదడుకు చేరుతోంది, ఆజ్ఞ కూడా వస్తోంది. ఎడమ వైపు తాడు మాత్రమే పని చేయడం లేదు. దెబ్బ తగల్లేదు, రెప్ప వాలలేదు, వాంతులు లేవు, మాట చురుగ్గా ఉంది. 'నిన్న ఏం ఆడావురా?' అన్నాను. 'ఏం ఆడలేదండీ. పత్రి కోశానండీ ఆయ్' అన్నాడు.

చవితి పూజలో ఇరవయ్యొక్క పత్రుల్లో దత్తూర పత్రం ఒకటి. అంటే ఉమ్మెత్త. గట్ల మీద తెల్లపూలతో, ముళ్లకాయలతో కావలసినంత పెరుగుతుంది. వాడు ఆకులు తెంపడమే కాకుండా కాయలు చితక్కొట్టి ఆడి, ఆ చేత్తోనే కన్ను నులుముకున్నాడు. ఉమ్మెత్తలో అట్రోపిన్ జాతి మందులుంటాయి. అవి తాడు కండరానికి వచ్చే ఆజ్ఞను అందకుండా చేస్తాయి. కంటి పరీక్ష ముందు వేసే కొన్ని చుక్కల మందులు చేసేదీ ఇదే పని. అయినా నా లెక్క తప్పయితే బాధపడేది పిల్లాడు కాబట్టి, కన్ను కడిగించి అమలాపురం పంపి డాక్టరుకు చూపించమన్నాను. వారం తిరిగేసరికి రెండు కళ్లూ సమానమయ్యాయి. మీ ఇంటి దగ్గరా ఉమ్మెత్త ఉంటే పాప చేత కోయించొద్దు, మీరు కోసినా చేతులు సబ్బుతో కడుక్కోండి. కంట్లో పడితే బొట్టు పెద్దదవడంతో పోతుంది కానీ, ఆ గింజలు తింటే ప్రాణం మీదకు వస్తుంది.

దీనికి సరిగ్గా ఎదురు కథ చేలల్లో జరుగుతుంది. వరికి కొన్ని రకాల పురుగుమందులు పిచికారీ చేసేటప్పుడు ఒంటికి ఎక్కువగా పడితే కంటిపాపలు గుండుసూది మొనంత అయిపోతాయి. నోట్లో చొంగ, చెమటలు, ఊపిరాడకపోవడం. ఆసుపత్రిలో డాక్టర్లు వెంటనే టార్చి వేసి కళ్లు చూడటానికి అదో కారణం. దానికి విరుగుడుగా ఎక్కించే మందుల్లో ముఖ్యమైనది అదే అట్రోపిన్. ఇది పాపకు చెప్పక్కర్లేదు, ఇంట్లో మగవాళ్లకు చెప్పండి.

పాపకు చెప్పాల్సిన ఇంకో ముఖ్యమైన సంగతి, చీకట్లో చూపంతా కంటిపాప పుణ్యమే కాదని. ఎండకూ పున్నమి వెన్నెలకూ వెలుతురులో తేడా లక్షల రెట్లు. కన్నం సర్దగలిగేది పదహారు రెట్లే. మిగతాది రెటీనా చూసుకుంటుంది, అయితే తీరిగ్గా, ఇరవై ముప్పై నిమిషాలు తీసుకుని. 1996 నవంబరు 6 తుపాను తర్వాత మాకు రోజుల తరబడి కరెంటు లేదు. రాత్రి లాంతరు ఆర్పగానే చెయ్యి కూడా కనపడేది కాదు. అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ ఉంటే, అరగంటకు పెరట్లో పడిపోయిన కొబ్బరిచెట్ల మానులు ఒక్కొక్కటే తేలి కనపడేవి. ఎవరైనా అగ్గిపుల్ల గీస్తే చాలు, మళ్లీ మొదటికి వచ్చేది. రెటీనా చేసే ఆ పనికి విటమిన్ ఎ కావాలి. అది లోపిస్తే రేచీకటి వస్తుంది. మునగాకు, తోటకూర, బొప్పాయి పెట్టండి. చీకటి పడితే పాప గోడలకు తట్టుకుంటోందంటే అది కంటిపాప తప్పు అనుకోకుండా డాక్టరుకు చెప్పండి.

చిన్న కన్నానికి ఇంకో లాభం ఉంది. బొమ్మ తేటగా పడుతుంది. మా నాన్న కళ్లజోడు కనపడకపోతే పేపరు పట్టుకుని ఎండపొడ ఉన్న అరుగు చివరికి వెళ్లి చదివేవారు. వెలుతురు ఎక్కువగా ఉండటం ఒక కారణమైతే, కంటిపాప ముడుచుకుని అక్షరాల మసక తగ్గడం రెండోది. దూరం కనపడని పిల్లలు కళ్లు చికిలించి బోర్డు చూడటం కూడా ఇలాంటి తెలివే. మేము అట్టముక్కకు సన్నని కన్నం పెట్టి అందులోంచి చార్టు చదవమనేవాళ్లం. మామూలుగా చదవలేని వరుస ఆ కన్నంలోంచి చదివితే, వీడికి కళ్లజోడు పెడితే సరిపోతుందని దాదాపు తేలిపోయేది. పాప దూరంగా కొబ్బరిచెట్టు మొవ్వు వైపు చూసి, వెంటనే ముక్కు దగ్గర పెట్టిన తన వేలి కొన వైపు చూసినా కంటిపాప చిన్నదవుతుంది. వెలుతురు మారకపోయినా సరే.

భయపడినా, సంబరపడినా కంటిపాప పెద్దదవుతుంది. గట్టిగా ఆలోచించినా అంతే. మనసులో గుణకారాలు చేస్తున్నంతసేపూ కంటిపాప పెరిగి, జవాబు చెప్పగానే తగ్గుతుందని హెస్, పోల్ట్ అనే ఇద్దరు పరిశోధకులు 1964లో కొలిచి చూపించారు. మార్పు చిన్నది కాబట్టి మీ పాపను పదిహేడో ఎక్కం అడిగి కూర్చుంటే మీకేమీ కనపడకపోవచ్చు. ఎక్కమైతే వస్తుంది.

బొట్టులో ఒక చిన్న అమ్మాయి కనపడుతోందని కూడా పాప అంటుంది, ఇంకా అనకపోతే. అది కార్నియా మీద పడిన తన ప్రతిబింబమే. ఆ బుల్లి బొమ్మను చూసే దీనికి కంటిపాప అని పేరొచ్చిందంటారు. సంస్కృతంలో కనీనక అన్నా ఇటు కంటిపాపే, అటు చిన్నపిల్లే. లాటిన్ వాళ్ల మాటకు కూడా చిన్న బొమ్మ అనే అర్థం. ఎవరికి వాళ్లే ఎదుటివాళ్ల కంట్లో పాపను చూసుకున్నారు.

సాయంత్రం మేకలు గట్టు దిగి వచ్చేటప్పుడు వాటి కళ్లు చూపించండి. కన్నం గుండ్రంగా ఉండదు, అడ్డంగా గీత గీసినట్టుంటుంది. తల వంచి మేస్తున్నా ఆ గీత నేలకు సమానంగానే ఉండేలా మేక కన్ను గుడ్డును తిప్పుకుంటుంది. దాంతో ముందూ వెనకా పక్కలా ఏం వస్తోందో తెలుస్తుంది. పిల్లికి నిలువు గీత. ఎండలో దారంలా, రాత్రికి నిండు గుండ్రంగా. చాలా చేపలకైతే కంటిపాప పెద్దగా కదలదు. బజారులో బుట్టలో ఉన్న చేపను ఎంత వెలుతురులో పెట్టి చూసినా ఒకటే చూపు.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేసి లోపల చూడొచ్చు. కొత్తలో నేను ఒక పెద్దాయనకు చుక్కలు వేసి, చెప్పాల్సింది చెప్పకుండా పంపేశాను. మిట్టమధ్యాహ్నం సైకిలు మీద వెళ్తూ, కాలవ నీళ్ల మెరుపుకు కళ్లు చెదిరి గట్టు దిగబోయాడట. ఆయన మర్నాడు వచ్చి నాకు పెట్టిన చీవాట్లు ఇంకా గుర్తున్నాయి. కాబట్టి గొడుగో టోపీయో పట్టుకెళ్లండి. ఏ చుక్కలు వేశారో, ఎంతసేపు ఉంటుందో అడగండి. కొన్ని నాలుగైదు గంటల్లో దిగిపోతాయి, అట్రోపిన్ అయితే రోజులు పడుతుంది. ఆ సాయంత్రం పాపను హోంవర్క్ మాత్రం అడక్కండి, దగ్గరి అక్షరాలు మసకగానే ఉంటాయి.